చప్పుడు ఏ తోవన వస్తుంది?



ఇప్పుడు మీకు నా గొంతు వినబడుతోంది. నేను కూర్చున్న గది మాత్రం వినబడటం లేదు. బయట రోడ్డు మీద బండ్లు పోతున్నాయి, వరండాలో ఎవరో మాట్లాడుకుంటున్నారు. అవేవీ మీ దాకా రావు. రేడియో స్టూడియోలోకి రావాలంటే రెండు తలుపులు దాటాలి. రెండింటి నడుమ మనిషి నిలబడేంత చోటు ఉంటుంది. మొదటి తలుపు మూసుకున్నాకే రెండోది తెరవాలి. గోడల నిండా సన్నని చిల్లులున్న పలకలు, వాటి వెనక ఉన్నిలాంటి మెత్తటి సరుకు. రికార్డింగు చేసేవాళ్ల గదికీ నాకూ మధ్య రెండు అద్దాలు. ఒక అద్దం మందం, ఇంకోటి పలుచన. తిరిగే ఫ్యాను లేదు. ఒక గొంతును శుభ్రంగా పట్టుకోవడానికి ఇంత ఏర్పాటు.

ఇలాంటి గది ఒకప్పుడు రేడియోవాళ్లకూ సినిమావాళ్లకూ మాత్రమే ఉండేది. పాట రికార్డు చేయాలంటే హైదరాబాద్‌కో హనుమకొండకో పోయి, గంటల లెక్కన స్టూడియో అద్దె కట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక మైకు, ఒక లాప్‌టాప్, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్స్ ఉంటే ఇంట్లోనే పాట తయారవుతోంది. బతుకమ్మ పండుగ ముందు, రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర ముందు ఓరుగల్లు చుట్టుపక్కల ఎన్ని కొత్త పాటలు పుడతాయో మీకు తెలియంది కాదు. అందులో చాలా పాటలు ఇంటి గదుల్లోనే రికార్డవుతున్నాయి. సామాన్లు అందుబాటులోకి వచ్చాయి. గది మాత్రం పాత గదే. పాట మంచి ఊపులో ఉండగా పక్కింటి బోరు మోటారు మొదలవుతుంది. సన్నాయి రాగం మధ్యలో ట్రాక్టరు పోతుంది. ఇవేవీ రాని రోజున కూడా పాట వింటే ఖాళీ గోదాములో పాడినట్టు ఉంటుంది.

అందుకే ఇవాళ్టి ప్రసంగంలో ఇంట్లో పాట గదిని ఎట్లా తయారు చేసుకోవాలో చెప్పుకుందాం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చప్పుడు ఏ తోవన వస్తోందో తెలుసుకున్నాకే డబ్బు ఖర్చు పెట్టాలి. తోవ తెలియకుండా కొన్న సరుకు గోడకు అందం తెస్తుంది, అంతే.

దీనికి ఉదాహరణగా ఒక ఊరిని తీసుకుంటాను. ములుగు జిల్లా పాలంపేట. ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనే ఉండేది. రామప్ప గుడి ఉన్న ఊరు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రుద్రేశ్వరాలయం అది. 2021లో యునెస్కో దానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. ఆ గుడి స్తంభాల మీద, దూలాల మీద మద్దెలలు వాయించేవాళ్లు, నాట్యం చేసేవాళ్లు బారులు తీరి కనిపిస్తారు. గణపతిదేవుని గజసేనాని జాయప 13వ శతాబ్దంలో నృత్తరత్నావళి రాశాడు. ఆ గ్రంథాన్నీ ఈ శిల్పాలనూ దగ్గర పెట్టుకుని నటరాజ రామకృష్ణ గారు పేరిణి శివతాండవ నాట్యాన్ని మళ్లీ నిలబెట్టారు. ఆట, పాట, వాద్యం రాతిలో నిలిచిన ఊరు కాబట్టి అక్కడ ఒక పాట గది కట్టుకుంటున్నామని ఊహించుకుందాం. ఆ గుడి కట్టినవాళ్లు మన రికార్డింగుల కోసం కట్టలేదు. అయినా వాళ్లు వాడిన ఇసుక, ఇటుక, రాయి మూడూ చప్పుడు గురించి మనకు పనికొచ్చే సంగతులు చెబుతాయి.

ముందు ఒక చిన్న పరీక్ష. మీరు వింటున్న గదిలోనే ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పట్ల వెనక ‘టంగ్’ మని ఒక తోక వినిపించిందా? అది మీ చప్పట్ల చప్పుడే. గోడకూ గోడకూ తగిలి తిరిగి వస్తోంది. ఇప్పుడు ఊరికే కూర్చుని చెవి పెట్టండి. ఎక్కడో కుక్క, ఎక్కడో బండి, పక్క ఇంట్లో మిక్సీ. ఇది బయటి చప్పుడు. ఈ రెండూ వేరువేరు బాధలు. బయటి చప్పుడును ఆపడం ఒక పని. లోపలి చప్పుడును మళ్లీ మళ్లీ తిరగకుండా మింగించడం ఇంకో పని. మొదటి దానికి బరువు కావాలి, సందు లేకుండా మూత కావాలి. రెండో దానికి మెత్తదనం కావాలి, గాలి దూరే సన్నని రంధ్రాలు కావాలి. ఒకదానికి వాడే సరుకు ఇంకోదానికి దాదాపు పనికిరాదు.

గోడలకు గుడ్ల అట్టలు అంటించిన గదులు మీరు చూసే ఉంటారు. కోడిగుడ్ల అట్టకు బరువు లేదు, కాబట్టి బయటి చప్పుడును ఆపలేదు. మందం లేదు, కాబట్టి లోపలి చప్పుడునూ సరిగా మింగలేదు. కొంచెం కీచుదనం తగ్గిస్తుంది. దుమ్ము పట్టి, తేమ పట్టి, బొద్దింకలకు ఇల్లవుతుంది. నల్లటి నురుగు షీట్లది కూడా సగం ఇదే కథ. వాటి సంగతి తర్వాత చెబుతాను.

మొదటి తోవ గాలి తోవ. గాలి దూరే చోటల్లా చప్పుడు దూరుతుంది. ఇది అందరికీ తెలిసినట్టే ఉంటుంది గానీ దీని లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రెండు వైపులా ప్లాస్టరు చేసిన తొమ్మిది అంగుళాల ఇటుక గోడ సుమారు 50 డెసిబెల్స్ చప్పుడును ఆపుతుంది. మామూలు మాటల చప్పుడు 60 డెసిబెల్స్ ఉంటుంది, గుసగుస 30. కాబట్టి 50 ఆపే గోడ అంటే మంచి గోడే. లోపల బోలుగా ఉండే పలుచని ఫ్లష్ తలుపు 20 దాకా ఆపుతుంది. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు గోడలో అయిదో వంతు ఆ తలుపు ఉందనుకోండి. గోడకు 50, తలుపుకు 20. రెండూ కలిస్తే ఎంత? మధ్యలో ఏ 35 దగ్గరో, 40 దగ్గరో ఉంటుందని అనిపిస్తుంది. అసలు లెక్క 27. తలుపు ఎంత బలహీనమో గోడంతా అంత బలహీనం. చిల్లు కుండలో నీళ్లు నిలవాలంటే కుండ మందం పెంచి లాభం లేదు కదా.

సరే, మంచి తలుపు పెట్టించాం. తలుపు కింద పావు అంగుళం సందు ఉంది. మూడడుగుల వెడల్పు తలుపుకు అది మొత్తం తొమ్మిది చదరపు అంగుళాలు. తలుపు వైశాల్యంలో మూడు వందల్లో ఒక వంతు. ఆ ఒక్క సందు వల్ల ఎంత ఖరీదైన తలుపైనా 25 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతుంది. అందుకే పాట గదికి మొదటి ఖర్చు తలుపు మీద పెట్టాలి. ఘనంగా ఉండే బరువైన చెక్క తలుపు పెట్టించండి. చుట్టూ చట్రానికి రబ్బరు బీడింగు కొట్టించండి. మూసినప్పుడు రబ్బరు నొక్కుకోవాలి. తలుపుకూ చట్రానికీ నడుమ ఒక కాగితం పెట్టి మూసి లాగి చూడండి. కాగితం తేలికగా జారి వచ్చిందంటే చప్పుడు కూడా వస్తుంది. మన ఇండ్లలో గడప ఉండటం ఇక్కడ కలిసొచ్చే సంగతి. గడప తీసేసి నేలను నున్నగా చేసిన కొత్త ఇండ్లలో తలుపు కింది సందును మూయడం కష్టం. గడప ఉంటే దానికి ఆనేలా రబ్బరు పట్టీ వేసుకోవచ్చు. చోటు ఉంటే స్టూడియోలో లాగా వెనకా ముందూ రెండు తలుపులు పెట్టుకోండి.

తలుపు తర్వాత కిటికీ. ఒంటి అద్దం కిటికీ పాట గదికి అక్కర్లేదు. దాన్ని ఇటుకలతో మూసేయవచ్చు. అద్దె ఇల్లయితే కిటికీ కొలతకు సరిపోయేలా మందపాటి ప్లైవుడ్ పలక చేయించి, అంచులకు రబ్బరు పెట్టి, రికార్డింగప్పుడు బిగించి, అయ్యాక తీసేయవచ్చు. ఆ తర్వాత చిన్న చిన్న తోవలు వెతకాలి. కరెంటు స్విచ్చు బోర్డు వెనక గోడలో ఉన్న గుంత, ఏసీ పైపు కోసం కొట్టిన రంధ్రం, కిటికీ చట్రానికీ గోడకూ మధ్య పగులు, గోడ పైన స్లాబుకు కలిసే చోట పగులు. రాత్రి గదిలో దీపం ఆర్పి, బయట లైటు వేసి చూడండి. వెలుతురు కనబడిన చోట చప్పుడు తోవ ఉన్నట్టే. సీలెంటుతోనో సిమెంటుతోనో వాటిని పూడ్చండి. ఈ పనికయ్యే ఖర్చు మేస్త్రీ ఒక రోజు కూలిని మించదు. దీనివల్ల వచ్చే లాభం గోడ నిండా నురుగు అంటించినా రాదు.

సందులు మూశాక బరువు సంగతి. ఇక్కడ రామప్ప ఇటుక దగ్గరికి వద్దాం. ఆ గుడి విమానం కట్టిన ఇటుకలు నీళ్లలో తేలతాయని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. లోపల సన్నని గాలి రంధ్రాలు నిండి ఉండి, నీటి కన్నా తేలికగా ఉంటాయి కాబట్టి తేలతాయి. గుడి పైభాగం బరువు తగ్గించడానికి అది గొప్ప ఉపాయం. పాట గది గోడకు మాత్రం ఆ గుణమే శత్రువు. గాలిలో వచ్చే చప్పుడు గోడను తోస్తుంది. గోడ ఎంత బరువైతే అంత తక్కువ కదులుతుంది. గోడ బరువు రెట్టింపయితే సుమారు ఆరు డెసిబెల్స్ ఎక్కువ ఆగుతుంది. సగమైతే ఆరు తగ్గుతుంది. ఇప్పుడు ఇండ్లకు వాడుతున్న తెల్లటి ఏఏసీ బ్లాకులు కూడా లోపల గాలి నిండిన తేలిక సరుకే. అవి ఎండవేడిని బాగా ఆపుతాయి, స్తంభాల మీద భారం తగ్గిస్తాయి. పాట గది ఒక్కటి కొత్తగా కట్టుకునే మాటయితే బరువైన ఎర్ర ఇటుకో, ఫ్లై యాష్ ఇటుకో, ఘనమైన సిమెంటు దిమ్మలో వాడి రెండు వైపులా ప్లాస్టరు చేయించండి.

బరువు లెక్క పైకప్పు దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. అయిదు అంగుళాల స్లాబు చదరపు మీటరుకు 300 కిలోలు తూగుతుంది. ఇనుప రేకు అయిదు కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. అయిదు నుంచి మూడు వందలకు చేరాలంటే ఆరు సార్లు రెట్టింపు కావాలి. అంటే రేకుల గదికీ స్లాబు గదికీ 35 డెసిబెల్స్ తేడా. వాన పడితే రేకుల మీద వచ్చే చప్పుడు వేరే చెప్పాలా? రేకుల కింద గది తప్పనప్పుడు, రేకులకు తగలకుండా దింపి, వేరే చట్రం మీద రెండు పొరల జిప్సమ్ బోర్డు వేసి, పైన రాతి పోగులతో చేసిన రాక్‌వూల్ పరిచి సీలింగు కట్టించాలి. అది కొంత ఆదుకుంటుంది. వానాకాలంలో పెద్ద వాన పడుతున్నప్పుడు మాత్రం పాట ఆపుకోవాల్సిందే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తొమ్మిది అంగుళాల గోడను పద్దెనిమిది చేస్తే లాభం ఆరు డెసిబెల్సే. అదే బరువును రెండు విడి గోడలుగా చేసి, మధ్య నాలుగైదు అంగుళాలు ఎడం వదిలి, ఒకదానికొకటి ఎక్కడా తగలకుండా కడితే లాభం చాలా ఎక్కువ. స్టూడియో అద్దాలు రెండు ఉండటానికి కారణం ఇదే. ఒకటి మందం, ఒకటి పలుచన ఎందుకంటే, రెండూ ఒకే మందంగా ఉంటే ఒకే స్వరానికి రెండూ కంపించి ఆ స్వరాన్ని లోపలికి వదిలేస్తాయి.

ఇప్పుడు రెండో తోవ. గట్టి వస్తువుల తోవ. రామప్ప గుడిలో వేణుగోపాలుడి శిల్పం ఉన్న ఒక స్తంభం దగ్గర గైడ్లు ఆగుతారు. అక్కడ వేలితో మీటితే స్వరాలు పలుకుతాయని చూపిస్తారు. రాయి మోగుతుంది. గాలిలో వచ్చే చప్పుడును ఆపే రాయే, తనను తాకిన కంపనాన్ని ఈ కొసనుంచి ఆ కొసకు మోసుకుపోతుంది. గాలిలో చప్పుడు సెకనుకు 343 మీటర్లు పోతుంది. గట్టి రాయిలో అంతకు పదింతల పైనే వేగం. పై ఇంట్లో రోట్లో దంచితే కింద గదిలో వినిపించడానికి కారణం ఇదే. పక్క గది గోడకు ఆనించిన గట్టు మీద మిక్సీ పెడితే, గోడకు బిగించిన బోరు పైపు వణికితే, ఆ వణుకు గోడలోంచి మీ మైకు స్టాండులోకి వస్తుంది. ఎంత మందం గోడ కట్టినా దీన్ని ఆపదు. ఎడం ఒక్కటే ఆపుతుంది.

రామప్ప గుడి పునాది సంగతి చాలామంది వినే ఉంటారు. పునాది గుంతలో ఇసుక నింపి దానిమీద ఇంత పెద్ద రాతి కట్టడాన్ని నిలబెట్టారు. నేల కదిలినప్పుడు ఆ కదలికను ఇసుక తనలోనే అరగదీస్తుందని ఇంజనీర్లు వివరిస్తారు. ఇసుక రేణువులు ఒకదాన్నొకటి రాసుకుని ఆ శక్తిని వేడిగా మార్చేస్తాయి. స్టూడియోలు కట్టేవాళ్లు చేసేదీ ఇలాంటి పనే. మామూలు నేల మీద రబ్బరు దిమ్మలో, దట్టమైన రాక్‌వూల్ పలకలో పరిచి, వాటి మీద ఇంకో నేల వేస్తారు. ఆ నేల మీద గోడలు లేపుతారు. ఆ గోడల మీదే లోపలి సీలింగు నిలుస్తుంది. గదిలో గది అన్నమాట. లోపలి గది బయటి గదిని ఎక్కడా గట్టిగా తాకదు. ఒక్క ఇనుప మేకు రెండు గోడలనూ కలిపినా పడ్డ కష్టంలో చాలా భాగం వృథా. గదిలో గదికి ఖర్చు ఎక్కువ, చోటూ పోతుంది. ఒగ్గు డోళ్లు, డప్పులు, డ్రమ్ములు ఇంట్లో రికార్డు చేయాలనుకునేవాళ్లకు అది తప్పదు. ఒక్క గొంతు, ఒక్క కిన్నెర, ఒక్క వేణువు పట్టుకునేవాళ్లకు అంత అక్కర్లేదు. మైకు స్టాండు కింద మందపాటి రబ్బరు మ్యాటు వేసుకోవాలి. మైకును సాగే తాళ్ల మధ్య వేలాడదీసే షాక్ మౌంట్ పెట్టుకోవాలి. మిక్సీ గట్టును పాట గది గోడకు దూరంగా జరపాలి. ఇంట్లో మోటారు ఉంటే దాని కింద రబ్బరు వేసి, గోడకు బిగించిన పైపు క్లిప్పుల్లో కూడా రబ్బరు పెట్టాలి. చప్పుడును పుట్టిన చోట ఆపడం, వచ్చిన చోట ఆపడం కన్నా ఎప్పుడూ చవక.

ఇక లోపలి పని. ఇందులో ఒక పాత కథ ఉంది. 1895లో అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరంలో ఒక్క మాటా అర్థమయ్యేది కాదు. మాట ఆగాక కూడా సుమారు అయిదున్నర సెకన్లు మోగుతూనే ఉండేది. దాన్ని బాగుచేసే పని వాలెస్ సబీన్ అనే యువ ఫిజిక్స్ అధ్యాపకుడికి అప్పగించారు. పగలంతా చప్పుళ్లు కాబట్టి ఆయన రాత్రిపూట పని చేసేవాడు. పక్కనే ఉన్న నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, ఒక్కొక్క వరస పెంచుతూ, ఆర్గన్ వాద్యపు గొట్టం ఒకటి మోగించి, మోత ఎన్ని సెకన్లకు ఆగుతుందో గడియారం పట్టి రాసుకునేవాడు. తెల్లారేసరికి మెత్తలన్నీ మళ్లీ నాటకశాలకు చేర్చాలి. ఈ రాత్రుల పనిలోంచే గది ఘనపరిమాణానికీ, అందులోని మెత్తదనానికీ, మోత కాలానికీ ఉన్న సంబంధం దొరికింది. 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలును ఆయన లెక్కల సాయంతోనే కట్టారు. ఈనాటికీ సంగీతానికి అది ప్రపంచంలోని మేలైన హాళ్లలో ఒకటి.

ఆ లెక్కనే మన గదికి వేసి చూద్దాం. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు. నున్నటి ప్లాస్టరు, టైల్స్ నేల, పైన స్లాబు. ఖాళీగా ఉంటే మోత మూడు సెకన్లకు దగ్గరగా ఉంటుంది. గొంతు రికార్డు చేసే చిన్న గదిలో అది సెకనులో మూడో వంతుకు మించకూడదు. అంతకు దింపాలంటే సుమారు 180 చదరపు అడుగుల పూర్తి మెత్తదనం కావాలి. గది లోపలి వైశాల్యం మొత్తం 680 చదరపు అడుగులు. అంటే మూడో వంతుకన్నా తక్కువ కప్పితే చాలు. గోడలన్నీ నిండా కప్పేయాల్సిన పని లేదు. అలా కప్పితే గొంతులో జీవం పోయి, దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటుంది.

ఏం కప్పాలి? మన దగ్గర ఉన్న సరుకుతో మొదలుపెడదాం. మన కురుమ, గొల్ల ఇండ్లలో గొంగడి ఉంటుంది. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో నేసిన గొంగడి బరువుగా, గరుకుగా, సందులు సందులుగా ఉంటుంది. చప్పుడు దాని లోపలికి దూరి, ఉన్ని పోగుల మధ్య రాపిడికి వేడిగా మారి చస్తుంది. ఆ ఇండ్ల నుంచే వచ్చిన ఒగ్గు కథకుల సొంత సరుకు వాళ్ల డోలు చప్పుడునే మింగుతుందన్నమాట. పాత చీరలు పొరలు పొరలుగా కుట్టిన బొంత కూడా బాగానే పనిచేస్తుంది. ఒక మెలకువ ఉంది. గొంగడినైనా బొంతనైనా గోడకు అతికించకండి. గోడకు నాలుగైదు అంగుళాలు ఎడంగా తీగ కట్టి వేలాడదీయండి, ముడతలు ముడతలుగా. గోడను ఆనుకున్న చోట గాలి దాదాపు కదలదు. గోడకు కొంచెం దూరంలోనే గాలి జోరుగా ఊగుతుంది. ఊగే చోట పెడితేనే పోగులు శక్తిని పట్టుకుంటాయి. అదే గుడ్డ, అదే ఖర్చు, ఎడం ఇస్తే ఫలితం ఎక్కువ.

ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే రెండు అంగుళాల రాక్‌వూల్ పలకలు కొని, చెక్క చట్రాల్లో బిగించి, పలుచని నూలు గుడ్డ చుట్టి గోడకు తగిలించండి. ఆ పని చేసేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు మరవకండి. ఆ పోగులు గుచ్చుకుంటాయి, ఊపిరితిత్తులకు మంచివి కావు. పాడేవాళ్ల వెనక ఒకటి, రెండు పక్కలా రెండు, తల మీద సీలింగుకు ఒకటి. మైకు పాడేవాళ్ల వైపు చూస్తుంది కాబట్టి, పాడేవాళ్ల వెనకనున్న గోడే దానికి ఎక్కువగా వినబడుతుంది. అందుకే ముందు వాళ్ల వీపు వెనక కప్పాలి.

ఇప్పుడు నురుగు షీట్ల సంగతి. అంగుళం మందం షీటు సన్నని, కీచు చప్పుళ్లను మింగుతుంది. బండ చప్పుళ్లను వదిలేస్తుంది. వంద హెర్ట్జ్ చప్పుడు అల పొడవు పదకొండు అడుగుల పైనే. అంత పెద్ద అలకు అంగుళం నురుగు అడ్డమే కాదు. గోడలన్నిటికీ ఆ షీట్లే అంటిస్తే పైస్వరాలు చచ్చి, కిందిస్వరాల మోత మిగిలి గొంతు బుంగలోంచి వచ్చినట్టు అవుతుంది. కింది స్వరాలు గది మూలల్లో పోగవుతాయి. అందుకని మూలల్లో, నేలనుంచి పైదాకా మందపాటి రాక్‌వూల్ కట్టలు నిలబెట్టాలి. గది ఎంచుకునే అవకాశం ఉంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానంగా ఉన్న గదిని వద్దనుకోండి. పది, పది, పది అడుగుల గదిలో 56 హెర్ట్జ్ స్వరం మూడు దిక్కులా ఒకేసారి మోగుతుంది. డోలు దెబ్బ ఒక చోట పిడుగులా, ఇంకో చోట పీలగా వినిపిస్తుంది.

నురుగుతో ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఒకటుంది. 2003లో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఒక నైట్‌క్లబ్బులో వేదిక మీద బాణసంచా కాల్చారు. చప్పుడు తగ్గించడానికి గోడలకు అంటించిన నురుగుకు నిప్పంటుకుంది. వందమంది చనిపోయారు. 2013లో బ్రెజిల్‌లోని సాంతా మరీయా పట్టణంలో అచ్చం అలాగే జరిగి 242 మంది చనిపోయారు. పాలియురెథేన్ నురుగు మండితే వచ్చే పొగలో సైనైడ్ విషం ఉంటుంది. ఆ పొగలో మనిషికి తోవ వెతుక్కునే వ్యవధి కూడా దొరకదు. మన పాట గదిలో బాణసంచా కాల్చం. కరెంటు బోర్డులో నిప్పురవ్వ వస్తే చాలు, అగరుబత్తి పడితే చాలు. కాబట్టి మామూలు పరుపుల నురుగు గోడలకు వాడకండి. రాక్‌వూల్ రాతిని కరిగించి తీసిన పోగు, అది మండదు. ఉన్ని తేలికగా అంటుకోదు. బొంత మాత్రం నూలుది, అంటుకుంటుంది. దాన్ని కరెంటు బోర్డుకు దూరంగా కట్టండి. ఎండుగడ్డి, అట్టపెట్టెలు వద్దు. తలుపు లోపలి నుంచి తేలికగా తెరుచుకోవాలి.

గాలి సంగతి కూడా మరవకూడదు. సందులన్నీ మూశామంటే గాలి తోవ కూడా మూశామన్నమాటే. చిన్న గదిలో ఇద్దరు గంటసేపు పాడితే గాలి బరువెక్కుతుంది, తల పట్టేస్తుంది. గాలి రావడానికి గొట్టం పెట్టాలి. ఆ గొట్టం రెండు మూడు మలుపులు తిరగాలి. గొట్టం లోపలి గోడలకు మెత్తటి సరుకు అంటించాలి. గాలి మలుపులు తిరిగి వస్తుంది, చప్పుడు ప్రతి మలుపులో గోడలకు తగిలి కరుగుతుంది. ఫ్యాను దూరంగా, గొట్టం అవతలి కొసన ఉండాలి. అంత చేయించలేకపోతే, పావుగంటకోసారి తలుపు తీసి గాలి మార్చుకోండి. గదిలో ఏసీ ఉంటే ముందే చల్లబరచుకుని, పాడేటప్పుడు ఆపేయండి.

ఖర్చు లేని ఉపాయాలు రెండున్నాయి, వాటినీ చెప్పుకుందాం. మొదటిది మైకు దూరం. మైకుకు మీరున్న దూరాన్ని సగం చేస్తే మీ గొంతు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. బయటి చప్పుడు మాత్రం ఉన్నంతే ఉంటుంది. ఇందాక గోడ బరువు రెట్టింపు చేస్తే వచ్చిన లాభం కూడా అంతే కదా. అడుగు దూరం నుంచి ఆరు అంగుళాలకు జరగండి. గాలి దెబ్బ తగలకుండా మధ్యలో పాప్ ఫిల్టర్ పెట్టుకోండి. ఒక వైపే వినే కార్డియాయిడ్ మైకు తీసుకుని, దాని వీపును తలుపు వైపు తిప్పండి. రెండోది వేళ. ఊరి చప్పుళ్లకు ఒక వరస ఉంటుంది. పొద్దున్నే మోటార్లు, పాల బండ్లు, కోళ్లు. సాయంత్రం ట్రాక్టర్లు, గుడికి వచ్చిపోయే బస్సులు. వానాకాలం రాత్రి కప్పల లొల్లి. మీ ఊళ్లో ఏ రెండు గంటలు సద్దుమణిగి ఉంటాయో చూసుకోండి.

మన చప్పుడు పక్కింటికి పోవడం కూడా ఆలోచించాల్సిందే. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇండ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. సందులు మూసిన గది రెండు వైపులా పనిచేస్తుంది. బయటి లొల్లి లోపలికి రాదు, మీ డోలు పక్కింటి పసిపాపను లేపదు. పాలంపేట లాంటి చోట ఇంకో మాట. రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్ల లోపల కొత్త కట్టుబడి నిషేధం. ఆ తర్వాతి రెండు వందల మీటర్లలో అనుమతి తీసుకోవాలి. గుడి దగ్గరి ఇంట్లో కొత్త గది లేపే ముందు పురావస్తు శాఖను అడగాలి. ఉన్న గదిలోనే తలుపు మార్చుకుని గొంగళ్లు వేలాడదీసుకుంటే గోడ ఒక్కటీ కొత్తగా కట్టనక్కర్లేదు.

చివరగా ఒక పని చెప్పి ముగిస్తాను. రేపు మీరు పాట రికార్డు చేయాలనుకున్న గదిలో, పాడాలనుకున్న వేళకే మైకు పెట్టి, ఎవరూ మాట్లాడకుండా ఒక్క నిమిషం రికార్డు చేయండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సౌండు పెంచి వినండి. బండ్ల చప్పుడు, మనుషుల మాటలు వినిపిస్తే తలుపూ సందులూ చూడండి. అడుగునుంచి గుమ్మని వణుకు వినిపిస్తే మోటారు, ఫ్యాను, మైకు స్టాండు చూడండి. ఆ తర్వాత ఒకసారి చప్పట్లు కొట్టి రికార్డు చేయండి. తోక వినిపిస్తే గొంగడి వేలాడదీయండి. ఏ చప్పుడు వినిపించిందో ఒక కాగితం మీద రాసుకుని, ఆ కాగితం పట్టుకుని దుకాణానికి పోండి. దుకాణదారు చూపించిన ప్రతి సరుకునూ ఆ కాగితంలో ఏ వరసకు పనికొస్తుందో అడగండి. జవాబు రాకపోతే ఆ డబ్బు మంచి తలుపు కోసం దాచుకోండి.